మూడో పిలుపు

ఆదివారం పొద్దున్నే దాలమ్మ వంటింట్లో పులిహోర కలుపుతూ ఒక కుట్రకు తుదిమెరుగులు దిద్దింది. డెబ్బై దాటిన వయసులో, అదీ బతుకులో మొదటిసారి, కుట్ర పన్నడమంటే మాటలు కాదు. ఆ కంగారులో ఉప్పు వేశానో లేదో గుర్తురాక ఇంకోసారి వేసింది.

కుట్ర పక్కింటి శివగామి మీద. మలయ్ దేశపు రేవు ఊరు హుటాన్ మెలింటాంగ్‌లో ఆ రెండిళ్ళ మధ్య ఉన్నది నడుమెత్తు గోడ. కూర గిన్నెలు, జ్వరం మాత్రలు, ఊళ్ళో కబుర్లు ఆ గోడ మీదుగా ఏళ్ళ తరబడి అటూ ఇటూ తిరుగుతున్నాయి. శివగామి తండ్రి తెలుగు, తల్లి తమిళం. రెండు భాషలూ ఒకే పళ్ళెంలో వడ్డించినట్టు ఆవిడ నోట్లోంచి కలిసే వచ్చేవి, మాట చివర ఆ ఊరి 'లా' ఒకటి తగిలించుకుని. ఆవిడ అల్లుడు కుగన్‌కి ఆఫ్రికాలో ఒక పామాయిల్ తోటలో మేనేజరు ఉద్యోగం దొరికింది. "అమ్మా, నువ్వు కూడా వచ్చేసి మా దగ్గరే ఉండు" అని కూతురు తర్షిణి ఫోనులో బతిమాలడం దాలమ్మ గోడకి ఇవతల నుంచి విన్నది. "ఆదివారం సాయంత్రం మాట్లాడదాం లా" అని శివగామి అనడమూ విన్నది. ఆ రోజు నుంచి దాలమ్మకి ముద్ద దిగలేదు.

వెళ్తున్నావా అని అడిగితే సరిపోయేది. అడిగితే అవునంటుందేమోనని భయం.

దాలమ్మకి ఎవరినీ సాగనంపడం చేతకాదు. చిన్నప్పుడు వాళ్ళ పెద్దమ్మ ఓడెక్కి శ్రీకాకుళం వైపు వెళ్తూ "పై ఏడాది వచ్చేస్తాను" అంది. ఆ పై ఏడాది ఇంకా రాలేదు. భర్త ఆస్పత్రికి బయల్దేరుతూ "సాయంత్రానికి ఇంటికాడ ఉంటాను, చేపల పులుసు పెట్టు" అన్నాడు. పులుసు పెట్టింది. ఇక అప్పటినుంచి రేవులో పడవ కదిలితే, అందులో ఎవరున్నారో తెలియకపోయినా, ఆవిడ కొంగుతో కళ్ళు ఒత్తుకునేది. బస్సు స్టాండులో కూడా అంతే. పక్కూరికి వెళ్ళే ఒక చైనా ముసలాయన ఒకసారి ఈవిడ ఏడుపు చూసి కంగారుపడి, తను ఈవిడకి ఏమవుతాడో గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నిస్తూ బస్సు తప్పిపోయాడు.

దాలమ్మ బడికి వెళ్ళలేదు. తెలుగు సంఘం వాళ్ళు పంచిపెట్టిన వాచకం ముందేసుకుని తనంతట తానే అక్షరాలు కూడబలుక్కుంది. ఇప్పుడు దొరికిందల్లా చదువుతుంది. ఆఫ్రికా గురించి కూడా అలాగే చదివింది. సింహాలు, మొసళ్ళు, మనిషిని తొక్కేసే ఏనుగులు. చదువుతుంటే ఆవిడకే చెమటలు పట్టాయి. అప్పుడే మెరుపులా ఆలోచన వచ్చింది. శివగామి గోడ మీద బల్లిని చూస్తే కుర్చీ ఎక్కే మనిషి. అటువంటి మనిషికి ఒక్క పూట అడవి చూపిస్తే చాలు, ఆఫ్రికా పేరు మళ్ళీ ఎత్తదు.

"ఆఫ్రికా అంటే అంతా అడివేనటే. ముందు ఇక్కడ అడివి సూసి అలవాటు సేసుకో. ప్రాక్టీసు" అని శుక్రవారం గోడ మీద నుంచి చెప్పింది.

"ప్రాక్టీసా? నువ్వు నా కోసం ఇవ్వళవు, ఇంత యోసన చేసినావా అక్కా!" అంది శివగామి. ఆవిడ కళ్ళు చెమర్చాయి. దాలమ్మ తల తిప్పుకుని అక్కడ లేని కాకిని అదిలించింది.

బండి వీరాస్వామిది. ఆయన రేవులో ఎండుచేపల వ్యాపారం చేస్తాడు. బండి కూడా ఆ వ్యాపారంలో భాగమని దగ్గరికి వెళ్తే ముక్కే చెబుతుంది. ఆయన భార్య శాంతాదేవి దాలమ్మని సొంత అక్కలా చూసుకునే మనిషి, ఆయన్ని సొంత కొడుకులా తిట్టే మనిషి.

"బండిలో చేపలేటీ లేవు గదా?" అని శాంతాదేవి అడిగింది.

"లేవంటే లేవు. నిన్ననే దింపేసినాను" అన్నాడు వీరాస్వామి. చెల్లెలికి ఇవ్వాల్సిన ఒక్క బుట్ట వెనక సీటు కింద ఉంది. ఒక్క బుట్టను చేపలు అనరని ఆయన అభిప్రాయం.

నలుగురూ ఎక్కారు. బండి వీధి చివరిదాకా వెళ్ళిందో లేదో, "దాలమ్మా! గొడుగు మరిసిపోనావు!" అని ఎదురింటి వళ్ళియమ్మై వెనక నుంచి కేక పెట్టింది.

"ఆపు!" అని దాలమ్మ అరిచిన అరుపుకి వీరాస్వామి కాలు దానంతటదే బ్రేకు మీద పడింది. "వెనక నుంచి పిలిసినారు. ఇంక ఇలాగే ఎల్తే ఎల్లినోళ్ళం తిరిగొస్తామా? దిగండి."

"వదినా, గొడుగిచ్చినాది. మంచిదే గదా" అన్నాడు వీరాస్వామి.

"బాబూ, నీకు తెల్దు. మా పెద్దమ్మని కూడా రేవులో ఎవరో వెనక నుంచి పిలిసినారు. ఆగలేదు. ఏటయినాది?"

ఏమయిందో అందరికీ తెలుసు, చాలాసార్లు విన్నారు. బండి వెనక్కి తిరిగింది. నలుగురూ దాలమ్మ ఇంట్లోకి వెళ్ళి, కుదురుగా కూర్చుని, తలా ఒక గ్లాసు నీళ్ళు తాగి, కాసేపు ఆగి, అప్పుడే కొత్తగా బయల్దేరుతున్నట్టు మళ్ళీ బయల్దేరారు. శివగామి ఈ తతంగమంతా శ్రద్ధగా చూసింది.

"ఇది ఆఫ్రికాలో కూడా చెయ్యాలా అక్కా?"

"ఎక్కడయినా సెయ్యాల. ప్రయాణం ప్రయాణమే" అంది దాలమ్మ కటువుగా.

కొండల వైపు రెండు గంటలు ప్రయాణిస్తే ఆ అడవి పార్కు వస్తుంది. గేటు దగ్గర అటవీ శాఖ ఉద్యోగిని రొహానా కుర్చీలో కూర్చుని ఉంది. యాభై ఏళ్ళ మనిషి, మెడలో ఈల, చేతిలో మైకు గొట్టం. ముగ్గురు ముసలమ్మలనీ ఒక ముసలాయన్నీ చూసి, "దారి వదలకండి మక్ చిక్, తినే వస్తువులు బయటికి తియ్యకండి" అని మలయ్‌లో చెప్పింది. మక్ చిక్ అంటే పిన్నిగారూ అని. అందరూ బుద్ధిగా తలలూపారు. దాలమ్మ సంచిలో పులిహోర డబ్బా, ఒక హస్తం అరటిపళ్ళు ఉన్నాయి.

గేటు పక్కన రాతి కింద ముని సామి గుడి ఉంది. గుడి అంటే ఒక పలక, ఒక శూలం, కాస్త పసుపు. రబ్బరు తోటల్లో పుట్టి పెరిగిన వాళ్ళెవరూ ఆయన్ని అడగకుండా అడవిలో అడుగు పెట్టరు. దాలమ్మ నాలుగు పళ్ళు, నిమ్మకాయ, వక్కాకు పెట్టి, సామికి ఇష్టమని ఒక చుట్ట కూడా పెట్టింది. వీరాస్వామి ఆ చుట్ట వైపు చూసిన చూపులో భక్తి కాక ఇంకేదో ఉంది. శాంతాదేవి ఆయన చేత చుట్ట మాన్పించి ఏడాది దాటింది.

"నాను బండి కాడ ఉంటాను. మోకాళ్ళు నొప్పి" అన్నాడాయన, మోకాలు ఎక్కడుందో వెతుక్కుని పట్టుకుంటూ.

ఆడవాళ్ళు ముగ్గురూ బయల్దేరారు. అడవి మొదట్లోనే దాలమ్మ ఆగి, భయపెట్టే పని మొదలుపెట్టింది.

"ఇనండి. అడివిలో ఎవుర్నీ పేరెట్టి పిలవకూడదు. పేరు ఇంటే అడివిలో ఉన్నవి నేర్సుకుంటాయి. నేర్సుకుని, మన గొంతుతోనే మనల్ని పిలుస్తాయి. అవి ఒకటి రెండుసార్లే పిలవగల్వు. మూడోసారి పిలిసే శక్తి వాటికి ఉండదు. అందుకని ఎవురు పిలిసినా మూడో పిలుపు దాకా పలకకండి. పలికినారా, పోనారు."

చిన్నప్పుడు తోటలో విన్నదే చెప్పింది. చెప్పేసి ముందు తనే వెనక్కి తిరిగి చూసుకుంది.

"మూడో పిలుపు దాకా పలకకూడదు" అని శివగామి పాఠం అప్పజెప్పినట్టు అంది. "సరి అక్కా. వేరే ఏమి?"

అడవి చల్లగా, చిమ్మచీకటి కాని ఒక ఆకుపచ్చ చీకటిగా ఉంది. పైన ఎక్కడో ఒక పెద్ద పక్షి రెక్కలు చరుచుకుంటూ ఎగిరితే రంపం కోస్తున్న చప్పుడైంది. దాలమ్మ శాంతాదేవి చెయ్యి పట్టుకుంది. శివగామి తల ఎత్తి, "అబ్బా, ఎంత పెద్ద ముక్కు! పాపం, అది ఎలా తుమ్ముతాది?" అంది. నేల మీద ఎర్రచీమల బారు కనిపిస్తే దాటకుండా నిలబడి, అవి వెళ్ళేదాకా దారి ఇచ్చింది. బల్లికి కుర్చీ ఎక్కే మనిషి.

"నీకు బయం లేదేటే?" అని దాలమ్మ ఉండబట్టలేక అడిగింది.

"ఇంట్లో బల్లి అంటే పయం అక్కా. అది మన ఇంటికి వచ్చింది గదా. ఇక్కడ మనమే వాళ్ళ ఇంటికి వచ్చినాం."

ఈ సమాధానం దాలమ్మకి ఏమాత్రం నచ్చలేదు.

సరిగ్గా అప్పుడే సంచిలోని అరటిపళ్ళ వాసన అడవికి అందింది. చెట్టు మీద నుంచి ఒక గండు కోతి దిగింది. దాని వెనక దాని బంధువర్గం మొత్తం దిగింది. గండు కోతి నేరుగా దాలమ్మ ముందుకొచ్చి, పళ్ళు ఇకిలించి, సంచి ఒక చెవి పట్టుకుంది. రెండో చెవి దాలమ్మ చేతిలో ఉంది. ఒక్క క్షణం ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. దాలమ్మ చెవి వదిలేసి, ఓలమ్మో అని ఒక్క కేక పెట్టి, చెప్పు ఒకటి అక్కడే వదిలి, డెబ్బై ఏళ్ళ మోకాళ్ళకి చెప్పకుండా పరుగెత్తింది. దారి ఎడమకి తిరిగితే ఈవిడ కుడికి తిరిగింది.

పారిపోతూ ఒక్కసారి వెనక్కి చూసింది. శివగామి దాలమ్మ గొడుగునే తుపాకీలా పట్టుకుని, కోతి ముఖం మీద టప్పున తెరిచింది. కోతుల గుంపు చెట్లెక్కేసింది. "ఇదొక కోతియా! మా మరిది తాగి వచ్చి ఇంతకంటే అరుస్తాడు!" అన్న మాటలు దాలమ్మకి దూరం నుంచి వినిపించాయి. గండు కోతి మాత్రం పులిహోర డబ్బా వదల్లేదు. కొమ్మ మీద కూర్చుని మూత తీసి, పిడికెడు నోట్లో పెట్టుకుని, దాలమ్మ పారిపోయిన దిక్కుకేసి అదోలా చూసి, డబ్బా కింద పడేసింది.

దాలమ్మ ఆగేసరికి ఎదురుగా చెక్కలతో కట్టిన ఒక మంచె ఉంది. పక్షులని చూడటానికి కట్టింది. చుట్టూ చెక్క పలకలు, పలకల మధ్య సన్నటి సందులు. ఆవిడ ఎక్కి, ఒక మూల ముడుచుకుని కూర్చుని, కళ్ళు మూసుకుంది. చెప్పులేని కాలికి ఏదో చల్లగా తగులుతోంది. చూస్తే జలగ. చూడకపోతే బావుండేదని మళ్ళీ కళ్ళు మూసుకుంది.

కాసేపటికి దూరంగా, "ఓయ్! ఓయ్!" అని వినిపించింది. అది శాంతాదేవి. పేరు పెట్టి పిలవకూడదన్నారు కదా అని ఓయ్ అంటోంది. దాలమ్మకి ఆ సంగతి తట్టలేదు. పేరు తెలియనిదేదో పిలుస్తోందనుకుంది. కొంగు నోట్లో కుక్కుకుంది.

తర్వాత ఈల వినిపించింది. ఆ వెంటనే అడవంతా దద్దరిల్లేలా ఒక పెద్ద గొంతు, "మక్ చిక్ దాలమ్మా!" అంది. మళ్ళీ, "మక్ చిక్ దాలమ్మా!" అంది. ఆపైన నిశ్శబ్దం.

దాలమ్మ ఊపిరి బిగబట్టి మూడో పిలుపు కోసం చూసింది. రాలేదు.

కాసేపటికి ఇంకో దిక్కు నుంచి మళ్ళీ అదే గొంతు. ఒకటి. రెండు. నిశ్శబ్దం. రొహానాకి అదొక పద్ధతి. ప్రతి మలుపులోనూ రెండుసార్లు పిలిచి, బదులు కోసం ఆగి, లేదనుకుంటే ముందుకు కదులుతుంది. ఆ పద్ధతి దాలమ్మకి ఎవరూ చెప్పలేదు. "మనుసులయితే మూడోసారి పిలవరా? ముని సామీ, నా పేరు కూడా తెలిసిపోనాది దానికి" అని ఆవిడ చేతులు జోడించింది. పిలుపులు అడవంతా తిరిగి తిరిగి, మంచె చుట్టూ కూడా ఒక ప్రదక్షిణం చేసి, దూరమైపోయాయి.

ఎంతసేపటికో ధైర్యం చేసి పలకల సందులోంచి చూసింది. చూసి నివ్వెరపోయింది. దారి తప్పి గుండ్రంగా తిరిగి, బయల్దేరిన చోటికే వచ్చింది. మంచె వెనక చెట్లు దాటితే బండ్లు నిలిపే స్థలం. వీరాస్వామి బండి అక్కడే ఉంది. కానీ బండిలో వీరాస్వామి లేడు. ఒక చెట్టు చాటు నుంచి సన్నగా పొగ లేస్తోంది. ముని సామికి పెట్టిన చుట్ట ముని సామి దగ్గర లేదన్నమాట. తలుపు చప్పుడైతే పెళ్ళాం ఎక్కడినుంచైనా వినగలదని ఆయన బండి తలుపు బార్లా తెరిచి వదిలేశాడు.

దాలమ్మ నోరు తెరిచి పిలవబోయింది. అంతలో పొదలోంచి ఒక ఉడుము బయటికి వచ్చింది. మనిషంత పొడవు. ఊళ్ళో కాలువల్లో తిరిగే బియావక్కులకి, అంటే మామూలు ఉడుములకి, అది తాతలా ఉంది. నాలుక బయటికి చాపి, గాలి రుచి చూసి, ఎండుచేపల బుట్ట ఉన్న దిక్కు తెలుసుకుని, ఆహ్వానం అందిన చుట్టంలా తాపీగా బండెక్కింది.

దాలమ్మ తెరిచిన నోరు మూసుకుంది. భయంతో కాదు. దేవుడే దిగివచ్చి తన కుట్రను చేతికి తీసుకున్నాడని అనిపించింది. ఇప్పుడు శివగామి వస్తుంది. బండెక్కబోతుంది. ఉడుమును చూస్తుంది. అంతే, ఆఫ్రికా మాట అంతటితో సరి.

శివగామి, శాంతాదేవి, రొహానా వచ్చారు. శాంతాదేవి బండిలోకి తొంగిచూసి, అడవి నియమాలన్నీ మర్చిపోయి, మొగుణ్ణి పేరు పెట్టి పిలిచింది. "ఓరి వీరాసామీ!"

చెట్టు చాటు నుంచి వీరాస్వామి వచ్చాడు, వెనకే పొగ వచ్చింది. శాంతాదేవి మొగుడి నోటి వైపు చూసింది. బండిలో ఉడుము ఉందన్న సంగతి ఆవిడకి ఆ క్షణంలో చాలా చిన్న విషయమైపోయింది.

"సామి చుట్ట! సామికెట్టిన చుట్ట కాల్సినావా!"

"సామి కాల్చడం లేదే, ఆరిపోతాదని..."

"మోకాలి నొప్పి అన్నావు గదరా!"

"ఇది మోకాలికే మందు" అంటూ వీరాస్వామి బండి చుట్టూ పరుగెత్తాడు, శాంతాదేవి వెనక పరుగెత్తింది. ఆ మోకాళ్ళు ఆ వేగాన పరుగెత్తడం ఊళ్ళో ఎవరూ చూసి ఉండరు. రొహానా మైకు గొట్టం నోటికి పెట్టుకుని, బండికి ఇంకా దగ్గరగా పోవద్దని అందరికీ చెబుతోంది. ఎవరూ వినలేదు, ఉడుము తప్ప. అది ఒక చేప నోట్లో పెట్టుకుని కిటికీలోంచి చూసింది.

మంచె మీద దాలమ్మ శ్వాస ఆపి శివగామి వైపు చూస్తోంది. శివగామి ఒక్క నిమిషం నిలబడింది. తర్వాత రొహానాతో ఏదో మాట్లాడింది. రొహానా తలూపి, అందరినీ పక్కకి తీసుకుపోయి, అవతలి తలుపు కూడా తెరిపించింది. శివగామి పొడవాటి కర్రకి ఒక ఎండుచేప గుచ్చి, దూరం నుంచి తలుపు దగ్గర ఊపింది. "వా తంగం, వా బంగారం. నీ ఇల్లు అటు ఉంది. బండి వీరాస్వామిది లా." ఉడుము ఆలోచించింది. దిగింది. శివగామి చేపను పొదలోకి విసిరింది. ఉడుము దాని వెంట, అంతే మర్యాదగా, వచ్చిన దారినే వెళ్ళిపోయింది. రొహానా చప్పట్లు కొట్టింది.

దాలమ్మ పలకకి తల ఆనించింది.

ఇంతలో శివగామి ఫోను పైకెత్తి పట్టుకుని, సిగ్నలు వెతుక్కుంటూ మంచె కిందికే వచ్చి నిలబడింది.

"తర్షిణీ! ఆ, నేనే. సాయంత్రం దాకా ఎందుకని ఇప్పుడే చేసినాను... కాదు కాదు, పోయిన వారం రానన్నాను, నిజమే. దాలమ్మక్క ఒంటరిదైపోతుందని రానన్నాను. ఇప్పుడు విను. ఆ అక్కే నన్ను అడివికి తీసుకొచ్చి ప్రాక్టీసు చేయిస్తున్నాది, తెలుసా? ఇప్పుడు ఎక్కడో దాక్కున్నాది, అది కూడా ప్రాక్టీసే అనుకుంటాను. నన్ను మీ దగ్గరికి పంపాలని దానికి అంత ఆశ. నేనేమో దాని కోసం ఉండిపోదామనుకున్నాను. ఎంత పిచ్చిదాన్ని చూడు... సింహమా? ఇప్పుడే మొసలంత బియావక్‌ని బండి దింపినాను. సింహం ఏమి చేస్తాది లా? టికెట్టు తియ్యి."

దాలమ్మ ఆ మాటలు వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది. రానని చెప్పేసిందట. పోయిన వారమే. తన కోసమే. తను పులిహోర కలపకుండా ఇంట్లో పడుకుని ఉంటే, ఎప్పటిలాగే గోడకి అటు శివగామి ఉండేది.

ఆగలేకపోయింది. ఎవరూ పిలవకుండానే, పలకల సందులోంచి, "శివగామీ!" అని పిలిచింది.

కింద శివగామి కొయ్యబారిపోయింది. తల ఎత్తలేదు. పలకలేదు. గొడుగు గట్టిగా పట్టుకుంది.

"ఒలే శివగామీ! నానే!"

శివగామి కళ్ళు మూసుకుని, పెదాలు బిగించింది. ఎంత చక్కగా నేర్చుకుందో. దాలమ్మకి ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి.

"శివగామీ!" అంది మూడోసారి.

"ఏమి అక్కా?" అని శివగామి అప్పుడు తల ఎత్తి, హాయిగా నవ్వింది. "మూడోసారి పిలిచినావు కాబట్టి నువ్వే. అయ్యయ్యో, అక్కడ ఏమి చేస్తున్నావు? ఊరంతా నిన్ను వెతుకుతున్నాది!"

ఎక్కి పక్కన కూర్చుంది. దాలమ్మ పాదం తన ఒళ్ళోకి తీసుకుని, చిటికెడు ఉప్పు వేసి జలగను వదిలించింది. ఉప్పు ఎక్కడిదంటే, కోతి పడేసిన పులిహోర డబ్బాలోదేనని చెప్పింది. మెతుకులకి అంటుకున్నదే సరిపోయిందట.

నిజం చెప్పేస్తే చాలు. నిన్ను భయపెట్టాలని తెచ్చానే, పంపాలని కాదు అంటే చాలు. శివగామి ఉండిపోతుంది. దాలమ్మ నోటిదాకా వచ్చింది. కానీ శివగామి ముఖం ఇరవై ఏళ్ళు తగ్గినట్టు వెలిగిపోతోంది. కోతిని, ఉడుమును, పెద్ద ముక్కు పక్షిని వరసగా మళ్ళీ మళ్ళీ చెబుతోంది.

"అక్కా, నేను పోతే నువ్వు ఏడవవు గదా?"

"నానెందుకు ఏడుస్తాను?"

"ఇప్పుడు ఏడుస్తున్నావు లా."

"జలగ పట్టినాది గదే. నొప్పి" అంది దాలమ్మ.

మూడు వారాల తర్వాత మధ్యాహ్నం విమానాశ్రయంలో నలుగురూ నిలబడ్డారు. శివగామికి కొత్త చీర, కొత్త పెట్టె. వీరాస్వామి దగ్గర చుట్ట వాసన లేదు. దాలమ్మ పొద్దుట నుంచి కన్నీళ్ళు పెట్టలేదు. పెడితే ఆపలేనని ఆవిడకి తెలుసు. ఆరు నెలలు చూసి వస్తాను అని శివగామి చాలాసార్లు చెప్పింది. పెద్దమ్మ కూడా ఒక గడువు చెప్పే వెళ్ళిందని దాలమ్మ ఒక్కసారి కూడా అనలేదు.

శివగామి అందరినీ కావలించుకుని, అద్దాల తలుపు వైపు నడిచి, అక్కడ ఆగింది. లోపలికి వెళ్ళలేదు. పెట్టె పక్కన స్తంభంలా నిలబడింది. మైకులో ఆవిడ పేరు వినిపించింది, వెంటనే లోపలికి రావాలని. శివగామి కదల్లేదు. తలుపు దగ్గరి ఉద్యోగి చేత్తో రమ్మన్నాడు. కదల్లేదు. కాసేపటికి మైకులో మళ్ళీ ఆవిడ పేరు. ఇదే ఆఖరు పిలుపు అన్నారు.

"అదేటి, ఎల్లదేటి? విమానం పోతాది!" అంది శాంతాదేవి.

దాలమ్మకి అర్థమైంది. అంత పెద్ద చోటులో అర్థమైంది ఆవిడ ఒక్కదానికే. మూడో పిలుపు రాలేదు, రాదు. నోరు మూసుకుని నిలబడితే చాలు. ఎవరూ తప్పు పట్టరు. విమానం వెళ్ళిపోతుంది, గోడకి అటు శివగామి ఉంటుంది, సాయంత్రం కూర గిన్నె గోడ దాటుతుంది.

ఆవిడ నోరు మూసుకుని ఎంత బలంగా నిలబడగలదో అంత బలంగా నిలబడింది. శివగామి వీపు కనిపిస్తోంది. కొత్త చీర కుచ్చిళ్ళు సరిగా కట్టుకోలేదు. ఆ వీపు ఎదురుచూస్తోంది.

"శివగామీ!" అని దాలమ్మ పిలిచింది. రేవులో పెద్దమ్మని పిలవలేకపోయిన గొంతుతో, అన్నేళ్ళదీ కలిపి పిలిచింది. "ఎల్లే! ఎల్లు!"

ఆ పిలుపుకి విమానాశ్రయంలో సగం మంది వెనక్కి తిరిగారు. శివగామి కూడా తిరిగింది. ముఖమంతా నవ్వుతో, పెట్టె ఈడ్చుకుంటూ వెనక్కి వచ్చేసి, దాలమ్మ పక్కనున్న కుర్చీలో కుదురుగా కూర్చుంది.

"ఏటే ఇది? ఎల్లమంటే వచ్చినావేటి?"

"వెనక నుంచి పిలిచినావు గదా అక్కా" అని శివగామి సంచిలోంచి నీళ్ళ సీసా తీసి, మూత విప్పి, నెమ్మదిగా, గుటక గుటకకీ ఆగుతూ తాగింది. "ఇలాగే పోతే తిరిగి రానని నువ్వే చెప్పినావు. ఎక్కడయినా చెయ్యాలన్నావు. నేను తిరిగి రావాలి గదా."

దాలమ్మ సీసా అందుకుని తనూ ఒక గుటక తాగింది.

విమానానికి మాత్రం ఈ ఆచారాలేవీ ఎవరూ చెప్పలేదు; అది వేళకే ఎగిరిపోయింది.